లినక్స్ కెర్నెల్‌లో వోల్టేజ్, కరెంట్ రెగ్యులేటర్ డ్రైవర్లు

సర్క్యూట్ బోర్డు మీద ప్రాసెసర్‌కూ మెమరీకీ కెమెరాకూ వైఫై చిప్‌కూ విడివిడిగా విద్యుత్తు అందించే రెగ్యులేటర్లను సాఫ్ట్‌వేర్ నుంచి నడిపే కోడ్‌ను లినక్స్‌లో రెగ్యులేటర్ డ్రైవర్ అంటారు. సరఫరాను ఆన్ చేయడం, ఆపడం, వోల్టేజ్‌ను పెంచడం, తగ్గించడం, కరెంటుకు హద్దు పెట్టడం, తేడా వస్తే కబురు చేయడం దాని పనులు. ఈ డ్రైవర్లన్నిటికీ ఆధారంగా కెర్నెల్‌లో ఒక ఉమ్మడి చట్రం, అంటే ఫ్రేమ్‌వర్క్ ఉంది. 2008 అక్టోబర్ 9న విడుదలైన 2.6.27 వెర్షన్‌తో అది లినక్స్‌లోకి వచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్లు, రౌటర్లు, సెట్‌టాప్ బాక్సులు, చేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్ బోర్డులు దాదాపు అన్నీ దాని మీదే నడుస్తున్నాయి.

డిస్‌ప్లే డ్రైవర్‌లో తప్పుంటే తెర నల్లబడుతుంది, సౌండ్ డ్రైవర్‌లో తప్పుంటే పాట ఆగిపోతుంది. రీబూట్ చేస్తే చాలు. 1.8 వోల్టులకు తయారైన చిప్‌కు 3.3 వోల్టులు పంపితే మాత్రం రీబూట్ చేయడానికి ఏమీ మిగలకపోవచ్చు. ఈ ఫ్రేమ్‌వర్క్ రూపురేఖలు చాలావరకు ఆ జాగ్రత్తలోంచి వచ్చినవే. స్పష్టంగా అనుమతి ఇవ్వని ఏ మార్పునూ అది ఒప్పుకోదు. కొత్తగా డ్రైవర్ రాసేవారికి మొదట చిరాకు తెప్పించేదీ, పదిహేనేళ్లకు పైగా ఈ కోడ్‌ను నిలబెట్టిందీ ఆ మొండితనమే.

అవసరం

ఫోన్‌లోని లిథియం బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టుల దగ్గర, అడుగంటుతున్నప్పుడు 3 వోల్టుల చేరువలో ఉంటుంది. ఆ ఒడిదుడుకుల వోల్టేజ్‌తో నేరుగా నడిచే చిప్‌లు బోర్డు మీద బహు తక్కువ. ప్రాసెసర్ కోర్లకు ఒక వోల్టుకు అటూఇటూ, సంకేతాల పిన్నులకు 1.8 వోల్టులు, ఎస్‌డీ కార్డుకు 3.3 వోల్టులు, కెమెరా సెన్సర్ ఒక్కదానికే రెండు మూడు రకాలు కావాలి. వీటన్నిటినీ ఇచ్చే రెగ్యులేటర్లను ఒకే చోట ఇమిడ్చిన చిప్‌ను పీఎంఐసీ అంటారు. ఒక పీఎంఐసీలో పది పదిహేను రెగ్యులేటర్లు ఉండడం మామూలే.

రెగ్యులేటర్లలో రెండు జాతులు ముఖ్యం. ఎల్‌డీఓ అనే లీనియర్ రకం అదనపు వోల్టేజ్‌ను వేడిగా మార్చేస్తుంది. 3.7 వోల్టుల బ్యాటరీ నుంచి 1.8 వోల్టులు తీసి 100 మిల్లీఆంపియర్లు ఇస్తే, పనికి వెళ్లేది 180 మిల్లీవాట్లు, వేడిగా పోయేది 190. సగానికి పైగా వృథా. బక్ కన్వర్టర్ అనే స్విచింగ్ రకం కాయిల్ సాయంతో అదే పనిని తొంభై శాతానికి చేరువైన సామర్థ్యంతో చేయగలదు. అయినా ఎల్‌డీఓలు పోలేదు. ఆడియోకూ రేడియోకూ స్విచింగ్ రొద లేని శుభ్రమైన సరఫరా కావాలి, కాయిల్ ఖర్చూ అది ఆక్రమించే చోటూ కలిసివస్తాయి. చాలా బోర్డుల్లో బక్ కన్వర్టర్ వోల్టేజ్‌ను సగం దారి దించితే, మిగతాది ఎల్‌డీఓ సవరిస్తుంది. అప్పుడు ఒక రెగ్యులేటర్ ఇంకో రెగ్యులేటర్ మీద ఆధారపడుతుంది. కింది దాన్ని ఆన్ చేయాలంటే పైది ముందే ఆన్ అయి ఉండాలి. ఈ వరసను గుర్తుపెట్టుకునే పూచీ కెర్నెల్‌ది.

వోల్టేజ్‌ను నడుస్తుండగానే మార్చాల్సిన అవసరానికి మూలం భౌతికశాస్త్రంలోనే ఉంది. నేటి చిప్‌లలో స్విచింగ్ వల్ల ఖర్చయ్యే శక్తి ఫ్రీక్వెన్సీకీ, వోల్టేజ్ వర్గానికీ అనులోమంగా ఉంటుంది. 1.2 వోల్టుల నుంచి 0.9కి దిగితే, ఫ్రీక్వెన్సీ మార్చకపోయినా ఆ ఖర్చు దాదాపు 44 శాతం తగ్గుతుంది. అందుకే పని తక్కువగా ఉన్నప్పుడు ప్రాసెసర్ వేగంతోపాటు వోల్టేజ్ కూడా దిగుతుంది. ఇందులో వరస తప్పకూడదు. వేగం పెంచేటప్పుడు ముందు వోల్టేజ్, తర్వాత ఫ్రీక్వెన్సీ. తగ్గించేటప్పుడు ముందు ఫ్రీక్వెన్సీ, తర్వాత వోల్టేజ్. వరస తారుమారైతే తక్కువ వోల్టేజ్‌తో ఎక్కువ వేగంగా పరిగెత్తాల్సి వచ్చిన ప్రాసెసర్ లెక్కలు తప్పుతుంది. ఆ తప్పులు ఎక్కడ, ఎప్పుడు బయటపడతాయో చెప్పలేం.

పుట్టుక

2008కి ముందు లినక్స్‌లో ఈ పనికి ఉమ్మడి పద్ధతి లేదు. ప్రతి బోర్డుకూ విడిగా ఒక సి ఫైలు ఉండేది. ఎల్‌సీడీని వెలిగించడానికో, మెమరీ కార్డుకు కరెంటు ఇవ్వడానికో అందులో ఒక ఫంక్షన్ రాసి డ్రైవర్‌కు అందించేవారు. బోర్డు మారితే మళ్లీ మొదటికి. గడియార సంకేతాల నిర్వహణకు అప్పటికే కెర్నెల్‌లో ఒక ఇంటర్‌ఫేస్ ఉంది. కొత్త ఫ్రేమ్‌వర్క్ దాని పోలికలోనే రూపుదిద్దుకుంది.

దీన్ని తెచ్చినది ప్రాసెసర్ కంపెనీలేవీ కావు. స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో కేంద్రంగా పనిచేసిన వుల్ఫ్‌సన్ మైక్రోఎలక్ట్రానిక్స్ ఆడియో చిప్‌లకు పేరుపొందిన సంస్థ. 2014లో సిరస్ లాజిక్ దాన్ని కొనుక్కుంది. వుల్ఫ్‌సన్‌లో పనిచేసిన లియం గర్డ్‌వుడ్ ఫ్రేమ్‌వర్క్‌కు మూలరూపం రాశారు. ఆయన సహోద్యోగి మార్క్ బ్రౌన్ త్వరలోనే తోడయ్యారు. వుల్ఫ్‌సన్ తయారుచేసిన డబ్ల్యూఎం8350 చిప్‌లో ఆడియో కోడెక్, రెగ్యులేటర్లు ఒకే ముక్కలో ఉండేవి కనుక, వారికి ఈ ఇబ్బంది మిగతావారికంటే ముందే తగిలింది. అదే జంట పేర్లు కెర్నెల్ మెయింటైనర్ల జాబితాలో ఈ విభాగం కింద ఇన్నేళ్లుగా కనిపిస్తున్నాయి. రోజువారీ ప్యాచ్‌ల భారం ఎక్కువగా బ్రౌన్‌దే.

2.6.27లో వచ్చిన తొలి డ్రైవర్లలో ఒకటి వోల్టేజ్‌కు సంబంధించినదే కాదు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌వారి బీక్యూ24022 అనే బ్యాటరీ ఛార్జర్ చిప్‌ను అది నడిపేది. యూఎస్‌బీ నుంచి తీసుకునే కరెంటు 100 మిల్లీఆంపియర్లా, 500 మిల్లీఆంపియర్లా అన్నది ఒక పిన్నుతో తేల్చడమే దాని పని. హెచ్‌టీసీ తయారుచేసిన మెజీషియన్ అనే చేతి కంప్యూటర్ దీన్ని వాడుకుంది. ఫ్రేమ్‌వర్క్ పేరులో కరెంటుకు కూడా చోటు దక్కినది ఇలాంటి చిప్‌ల వల్లే. ఆ తర్వాత పిన్నులతో నడిచే రెగ్యులేటర్లన్నిటికీ సరిపోయే సాధారణ డ్రైవర్ వచ్చింది. దాంతో బీక్యూ24022 డ్రైవర్‌ను కెర్నెల్ నుంచి తీసేశారు. పనికొచ్చే కోడ్‌ను కూడా ఇంకా తక్కువ కోడ్‌తో భర్తీ చేయగలిగితే తీసేయడం ఇక్కడి ఆనవాయితీ.

ముగ్గురి మాట

ఫ్రేమ్‌వర్క్ జ్ఞానాన్ని మూడు చోట్ల పంచిపెట్టింది. రెగ్యులేటర్ చిప్‌కు ఏం చేతనవునో డ్రైవర్‌కు తెలుసు. ఆ బోర్డు మీద ఎంతవరకు వెళ్లవచ్చో బోర్డు వివరణకు తెలుసు. తనకు ఇప్పుడు ఏం కావాలో వాడుకునే పరికరం డ్రైవర్‌కు తెలుసు. ముగ్గురి మాటా కలిసినప్పుడే వోల్టేజ్ కదులుతుంది.

ఉదాహరణకు ఆల్‌విన్నర్ ప్రాసెసర్లున్న అనేక చవక బోర్డుల మీద కనిపించే ఏఎక్స్‌పీ209 అనే పీఎంఐసీని తీసుకుందాం. అందులోని డీసీడీసీ2 అనే బక్ కన్వర్టర్ 0.7 నుంచి 2.275 వోల్టుల వరకు ఏదైనా ఇవ్వగలదు. డ్రైవర్ ఆ పరిధినంతా నిజాయితీగా ప్రకటిస్తుంది. అయితే బోర్డు మీద ఆ లైను సీపీయూకు వెళ్తుంటే 2 వోల్టులు దానికి ప్రాణాంతకం. కాబట్టి బోర్డు వివరణలో కనిష్ఠం 1 వోల్టు, గరిష్ఠం 1.4 వోల్టుల చేరువ అని రాస్తారు. ఇక సీపీయూ డ్రైవర్ 1.5 అడిగినా రాదు. డ్రైవర్‌లో తన బోర్డు హద్దులను ఇరికించి పంపే ప్యాచ్‌లు ఇప్పటికీ వస్తుంటాయి. అవి వెనక్కి పోతాయి, ఎందుకంటే అదే చిప్ రేపు ఇంకో బోర్డు మీద జీపీయూకు కరెంటు ఇస్తుండవచ్చు.

బోర్డు వివరణ మొదట్లో సి కోడ్‌లోనే ఉండేది. ఆర్మ్ ప్రాసెసర్ల లోకం డివైస్ ట్రీ అనే వివరణ ఫైళ్లకు మారుతున్న కాలంలో, 2012 మార్చిలో విడుదలైన 3.3 వెర్షన్‌తో రెగ్యులేటర్ల హద్దులు కూడా అందులోకి చేరాయి. కనిష్ఠ, గరిష్ఠ విలువలు వేరువేరుగా ఉంటే వోల్టేజ్ మార్చడానికి అనుమతి ఇచ్చినట్టు. రెండూ ఒకటే అయితే ఆ విలువనే పెట్టి కదపకుండా ఉంచమని అర్థం. అసలేమీ రాయకపోతే ఉన్నదున్నట్టు వదిలేయాలి. ఎప్పటికీ ఆపకూడని లైనుకు ఆ మాట విడిగా రాయాలి. మెమరీకి వెళ్లే లైనుకు ఆ గుర్తు పెట్టడం మరచిపోతే కథ అక్కడికే ముగుస్తుంది.

ఒకే లైనును ఇద్దరు ముగ్గురు పంచుకున్నప్పుడు లెక్క మరికాస్త జటిలం. అందుకే ఎవరూ కచ్చితమైన ఒక్క విలువ అడగరు, ఒక పరిధి అడుగుతారు. ఒకరికి 1.7 నుంచి 1.95 వరకు ఏదైనా చాలు, ఇంకొకరికి 1.8 నుంచి 3.3 వరకు ఏదైనా చాలు అంటే, ఫ్రేమ్‌వర్క్ ఇద్దరికీ కుదిరే పరిధిలో అన్నిటికన్నా తక్కువైన 1.8ని ఎంచుకుంటుంది. కుదరకపోతే రెండో కోరికను తిరస్కరిస్తుంది. ఆన్ చేసిన వారి లెక్క కూడా అలాగే నడుస్తుంది. ముగ్గురు ఆన్ చేస్తే ముగ్గురూ వదిలేదాకా లైను ఆగదు. ఒకసారి ఆన్ చేసి రెండుసార్లు ఆపిన డ్రైవర్‌ను కెర్నెల్ లాగ్‌లో హెచ్చరికతో పట్టిస్తుంది. పొరపాటు దారుల్లో, అంటే పరికరం సగం లేచి మధ్యలో విఫలమైన సందర్భాల్లో, ఈ లెక్క తప్పడం అతి సాధారణమైన బగ్.

డ్రైవర్ నిర్మాణం

కెర్నెల్‌లో దశాంశ సంఖ్యలతో లెక్కలు చేయరు. కాబట్టి వోల్టేజ్‌ను మైక్రోవోల్టుల్లో, కరెంటును మైక్రోఆంపియర్లలో పూర్ణాంకాలుగా రాస్తారు. 1.8 వోల్టులంటే 1800000. సున్నా ఒకటి తక్కువ వేసిన ప్యాచ్‌లు రివ్యూలో దొరికిపోతుంటాయి, కొన్ని దొరక్క దాటిపోతాయి కూడా.

చిప్‌కు మైక్రోవోల్టులు తెలియవు. దానికి తెలిసినవి రిజిస్టర్‌లోని కొన్ని బిట్లు. డీసీడీసీ2కు ఆరు బిట్లున్నాయి, అడుగుకు 25 మిల్లీవోల్టుల చొప్పున అరవైనాలుగు మెట్లు. 1.2 వోల్టులు కావాలంటే 1200లోంచి 700 తీసేసి 25తో భాగిస్తే 20. ఆ ఇరవైని సెలెక్టర్ అంటారు. మెట్టుకూ వోల్టేజ్‌కూ మధ్య ఈ అనువాదమే డ్రైవర్‌లో ముఖ్యభాగం. మెట్లు సమానంగా ఉంటే ఒక సూత్రం చాలు. కొన్ని చిప్‌లలో కింది భాగంలో చిన్న మెట్లు, పై భాగంలో పెద్ద మెట్లు ఉంటాయి. ఇంకొన్నిటిలో ఏ క్రమమూ లేని పట్టిక. మూడు రకాలకూ ఫ్రేమ్‌వర్క్‌లో సిద్ధంగా ఫంక్షన్లు ఉన్నాయి. రిజిస్టర్లను చదివి రాసే పనిని 2011లో కెర్నెల్‌లోకి వచ్చిన రెగ్‌మ్యాప్ అనే పొర చూసుకుంటుంది. అది కూడా బ్రౌన్ తెచ్చినదే. దాంతో ఈనాటి మంచి రెగ్యులేటర్ డ్రైవర్‌లో కోడ్ కన్నా పట్టికలే ఎక్కువ. ప్రతి రెగ్యులేటర్‌కూ ఏ రిజిస్టర్, ఏ బిట్లు, మొదటి విలువ ఎంత, మెట్టు ఎంత అన్న వివరాలు వరసగా ఉంటాయి. సొంతంగా ఫంక్షన్లు రాసిన కొత్త డ్రైవర్‌ను చూస్తే, ఉన్నవి ఎందుకు పనికిరాలేదన్నదే మెయింటైనర్ల మొదటి ప్రశ్న.

పట్టికల్లో పట్టనిది కాలం. వోల్టేజ్ రిజిస్టర్‌లో సంఖ్య మారగానే బయట మారిపోదు, వాలు మీద ఎక్కినట్టు నెమ్మదిగా చేరుతుంది. డీసీడీసీ2ను మైక్రోసెకనుకు 1.6 మిల్లీవోల్టుల వేగంతో ఎక్కేలా అమర్చితే, 200 మిల్లీవోల్టులు పెరగడానికి 125 మైక్రోసెకన్లు పడుతుంది. ఆ వ్యవధి గడిచేదాకా ఫ్రేమ్‌వర్క్ ఆగి, ఆ తర్వాతే పని పూర్తయిందని చెప్పాలి. అలా ఆగడానికి కావలసిన వేగాన్ని డ్రైవర్ తప్పుగా చెబితే, సీపీయూ వేగం వోల్టేజ్ కన్నా ముందే పెరుగుతుంది. వందసార్లలో తొంభైతొమ్మిదిసార్లు ఏమీ కాదు. అందుకే ఇలాంటి బగ్‌లు ఏళ్ల తరబడి దాగి ఉంటాయి.

పీఎంఐసీతో మాట్లాడే తీగ కూడా నెమ్మదైనదే. ఎక్కువగా వాడే ఐస్క్వేర్‌సీ బస్సు 400 కిలోహెర్ట్జ్ వద్ద ఒక రిజిస్టర్ రాయడానికి సుమారు 70 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. ఆ సమయంలో అడిగిన ప్రాసెస్ నిద్రపోవాలి. అంటే నిద్రపోకూడని చోట, ఉదాహరణకు ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో, రెగ్యులేటర్‌ను కదిలించడం కుదరదు. ఐస్క్వేర్‌సీ మీద వోల్టేజ్ మార్చే బోర్డుల్లో షెడ్యూలర్ అక్కడికక్కడ సీపీయూ వేగాన్ని మార్చలేక, ఆ పనిని వేరే థ్రెడ్‌కు అప్పగించేది ఇందుకే.

కెర్నెల్‌లో వందకు పైగా రెగ్యులేటర్ డ్రైవర్లున్నాయి. టెక్సాస్, మాక్సిమ్, రోమ్, క్వాల్‌కామ్, రాక్‌చిప్, మీడియాటెక్ అంటూ పెద్ద పేర్లన్నీ కనిపిస్తాయి. అయినా బోర్డు వివరణల్లో తరచుగా ఎదురయ్యేది వోల్టేజ్‌ను మార్చనే లేని ఫిక్స్‌డ్ అనే చిన్న డ్రైవర్. ఒక పిన్నుతో ఆన్, ఆఫ్ తప్ప అది మరేమీ చేయదు. పిన్ను కూడా లేకపోతే, ఫలానా లైను ఎప్పుడూ 5 వోల్టులే అని కెర్నెల్‌కు చెప్పడమొక్కటే దాని పని. ఆ ఒక్క మాట లేకపోతే పైనుంచి కింది దాకా లెక్క అతకదు.

ఎల్‌డీఓ3 చిక్కు

డేటాషీట్‌ను నమ్మి రాసిన డ్రైవర్ ఎక్కడ తడబడుతుందో తెలియాలంటే ఏఎక్స్‌పీ209లోని ఎల్‌డీఓ3 కథ చూడాలి. కొన్ని బోర్డుల్లో కెర్నెల్ కన్నా ముందు నడిచే బూట్‌లోడర్ ఆ రెగ్యులేటర్‌ను ఆపి ఉంచి, ఆ తర్వాత కెర్నెల్ దాన్ని ఆన్ చేస్తే వ్యవస్థ బిగుసుకుపోయేది. కెర్నెల్ వేలాడుతోందని అందరూ అనుకున్నారు. బోర్డు వివరణల్లో ఒకసారి ఆన్ చేసి, ఒకసారి ఆపి, బూట్‌లోడర్‌లోనూ అటూఇటూ మార్చి పలు ప్యాచ్‌లు వచ్చాయి. ఒక బోర్డు బాగుపడితే ఇంకొకటి పాడయ్యేది.

అసలు జరుగుతున్నది వేరు. కెర్నెల్ వేలాడటం లేదు, పీఎంఐసీయే చడీచప్పుడు లేకుండా మొత్తం విద్యుత్తు ఆపేస్తోంది. ఎల్‌డీఓ3 అవుట్‌పుట్ దగ్గర పెద్ద కెపాసిటర్లుంటే, ఆన్ అయిన క్షణంలో అవి నిండడానికి ఒక్కసారిగా కరెంటు లాగుతాయి. అధిక భారం పడితే హద్దు దగ్గర ఆగి ఇంటరప్ట్ పంపాల్సిన చిప్, ఆ పని చేయకుండా తానే మూతపడుతోంది. వోల్టేజ్‌ను నెమ్మదిగా ఎక్కించే వసతి ఆ చిప్‌లో ఉంది కానీ, అది అప్పటికే ఆన్ అయి ఉన్న రెగ్యులేటర్ మీదే పనిచేస్తుంది. ఆన్ చేసే క్షణంలో దాని ప్రభావం ఉండదు.

2018 చివర్లో వచ్చిన పరిష్కారం సాదాగా ఉంటుంది. ఆన్ చేయడానికి ముందు వోల్టేజ్‌ను 0.7కి, అంటే అన్నిటికన్నా కింది మెట్టుకు, దించాలి. అక్కడ ఆన్ చేయాలి. ఆ తర్వాత కావలసిన వోల్టేజ్‌కు వాలు వేగంతో ఎక్కించాలి. అయితే దీన్ని అన్ని బోర్డులకూ రుద్దలేదు. నెమ్మదిగా మొదలుకావాలన్న గుర్తు బోర్డు వివరణలో ఉంటేనే డ్రైవర్ ఈ దారి పడుతుంది. కెపాసిటర్లు ఎంత పెద్దవో తెలిసేది బోర్డు గీసినవారికే గదా. చిప్ లోపాన్ని డ్రైవర్ సర్దుబాటు చేసినా, నిర్ణయం మాత్రం దాని అసలు యజమాని దగ్గరే నిలిచింది.

లేచే వేళ

రెగ్యులేటర్లతో వచ్చే కష్టాల్లో పెద్ద వాటా బూట్ సమయానిది. వాడుకునే డ్రైవర్ ముందు లేచి, కరెంటు ఇవ్వాల్సిన డ్రైవర్ ఇంకా లేవకపోతే ఏం చేయాలి? తొలినాళ్లలో రెగ్యులేటర్ డ్రైవర్లను వరసలో ముందుకు జరిపి సరిపెట్టేవారు. 2012లో వచ్చిన 3.4 వెర్షన్‌తో, తర్వాత మళ్లీ ప్రయత్నించమని చెప్పే ప్రత్యేకమైన ఎర్రర్ కోడ్ పుట్టింది. వాడుకునే డ్రైవర్ ఆ కోడ్‌తో వెనుదిరిగి, సరఫరా దొరికాక మళ్లీ వస్తుంది.

బోర్డు వివరణలో సరఫరా పేరే లేకపోతే? చాలా బోర్డుల్లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే లైన్ల గురించి రాయడానికి ఎవరూ ఓపిక చేయరు. అలాంటప్పుడు ఫ్రేమ్‌వర్క్ ఒక ఉత్తుత్తి రెగ్యులేటర్‌ను చేతిలో పెట్టి, లాగ్‌లో ఒక మాట రాసి ముందుకు పోనిస్తుంది. కొన్ని చిప్‌లకు ఒక సరఫరా ఉండటం, లేకపోవడం రెండూ సహజమే. అనలాగ్ సంకేతాన్ని అంకెలుగా మార్చే, బయటి సరఫరా లేకపోతే తన లోపలి వోల్టేజ్‌ను వాడుకునే ఏడీసీ అలాంటిది. దానికోసం వేరే ఫంక్షన్ ఉంది, అది లేదని నిజం చెబుతుంది. ఈ రెండో ఫంక్షన్‌ను అవసరం లేనిచోట వాడేసి, ఉండితీరాల్సిన సరఫరాను ఐచ్ఛికంగా భావించిన డ్రైవర్లు కొల్లలు. రివ్యూల్లో పదేపదే వినిపించే ఫిర్యాదుల్లో ఇదొకటి.

బూట్‌లోడర్ ఆన్ చేసి వదిలిన రెగ్యులేటర్లు ఎవరికీ అక్కరలేకపోతే వాటిని ఆపడం కూడా ఫ్రేమ్‌వర్క్ బాధ్యతే. ఎప్పుడు ఆపాలన్నదే చిక్కు. డిస్‌ప్లే డ్రైవర్ మాడ్యూల్‌గా డిస్క్ నుంచి ఆలస్యంగా వచ్చే ల్యాప్‌టాప్‌లో తొందరపడి ఆపితే తెర ఆరి మళ్లీ వెలుగుతుంది. అందుకని ఇప్పుడు ముప్ఫై సెకన్లు ఆగి ఆపుతారు. ముప్ఫైకి శాస్త్రీయ ఆధారమేమీ లేదు, ఆలోగా అందరూ లేస్తారన్న ఆశ తప్ప. అది గురి లేని సంఖ్యేనని కోడ్ పక్కనున్న వ్యాఖ్యలోనే ఒప్పుకున్నారు. కొత్త బోర్డు బూటయి సరిగ్గా అరనిమిషానికి చచ్చిపోతోందంటే అనుభవజ్ఞులు మొదట వెతికేది, బోర్డు వివరణలో చెప్పకుండా వదిలేసిన సరఫరాను.

ఫర్మ్‌వేర్ నీడలో

అన్ని చోట్లా కెర్నెల్‌కు చిప్ మీద నేరుగా అధికారం ఉండదు. స్నాప్‌డ్రాగన్ 845 తరం నుంచి అనేక క్వాల్‌కామ్ చిప్‌లలో ఆర్‌పీఎంహెచ్ అనే విడి హార్డ్‌వేర్ రెగ్యులేటర్లను ఏలుతుంది. లినక్స్, మోడెమ్, ఇతర ఉపప్రాసెసర్లు తమ కోరికలను ఓట్ల రూపంలో పంపితే అది తీర్పు చెబుతుంది. దాని డ్రైవర్ 2018లో కెర్నెల్‌లో చేరినప్పుడు ఫ్రేమ్‌వర్క్‌కు కొత్త ప్రశ్న ఎదురైంది. ప్రస్తుతం వోల్టేజ్ ఎంత అని ఆర్‌పీఎంహెచ్‌ను అడిగి తెలుసుకునే దారి లేదు, తాను ఏమి కోరిందన్నదే కెర్నెల్‌కు తెలుసు. తానే ఒకసారి ఏదో విలువ పెట్టేదాకా తెలియదని ఒప్పుకునే పద్ధతిని అందుకోసం చేర్చాల్సి వచ్చింది. ఇంటెల్, ఏఎండీ ల్యాప్‌టాప్‌లలోనైతే ఈ పనులన్నీ ఏసీపీఐ ఫర్మ్‌వేర్ చేతిలోనే ఉంటాయి, అక్కడ ఈ ఫ్రేమ్‌వర్క్‌కు పని తక్కువ.

జంట రెగ్యులేటర్ల సంగతి ఇంకొక తరహా. ఒడ్రాయిడ్ ఎక్స్‌యూ4 బోర్డులోని ఎగ్జినోస్ 5422లో సీపీయూ వోల్టేజ్‌కూ లోపలి బస్సు వోల్టేజ్‌కూ మధ్య తేడా 300 మిల్లీవోల్టులు దాటకూడదు. ఒకదాన్ని ఎత్తాలంటే రెండోదాన్ని కూడా వెంట నడిపిస్తూ, వంతులవారీగా అడుగులు వేయాలి. ఎన్‌విడియా టెగ్రా 20, 30 చిప్‌లలోనూ ఇలాంటి బంధమే. రెండు రెగ్యులేటర్లకూ ఒకేసారి తాళం వేయాల్సి రావడంతో, ఒకరి కోసం ఒకరు శాశ్వతంగా ఎదురుచూసే ప్రమాదం వచ్చిపడింది. గ్రాఫిక్స్ డ్రైవర్ల కోసం తయారైన తాళాల పద్ధతిని అరువు తెచ్చుకుని ఆ ముడి విప్పారు.

నిర్వహణ

కొత్త డ్రైవర్ కెర్నెల్‌లో చేరాలంటే రెండు ముక్కలుగా వెళ్లాలి. మొదటిది డివైస్ ట్రీలో ఆ చిప్‌ను ఎలా వర్ణించాలో చెప్పే వైఏఎంఎల్ నమూనా, రెండోది డ్రైవర్ కోడ్. మొదటిదాన్ని డివైస్ ట్రీ మెయింటైనర్లు విడిగా పరిశీలిస్తారు. ఇక్కడ కాలయాపన ఎక్కువనిపిస్తుంది కానీ అర్థముంది. కోడ్‌ను రేపు తిరగరాయవచ్చు. ఒకసారి ఒప్పుకున్న వర్ణన లక్షల పరికరాల్లో ముద్రపడిపోతుంది, పాత వర్ణనతో కొత్త కెర్నెల్ నడవాల్సిందే.

ఆ తర్వాత ప్యాచ్ రెగ్యులేటర్ విభాగపు గిట్ శాఖలో చేరి, రోజూ కలిపి పరీక్షించే లినక్స్ నెక్స్ట్‌లోకి వెళ్తుంది. తొమ్మిది పది వారాలకోసారి వచ్చే కొత్త వెర్షన్ తొలి రెండు వారాల్లో లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని ప్రధాన శాఖలోకి తీసుకుంటారు. బగ్ దిద్దే ప్యాచ్‌లకు ఆ గడువు లేదు. ఏ పాత మార్పు వల్ల తప్పు వచ్చిందో ప్యాచ్‌లో రాయడం తప్పనిసరి మర్యాద. పాత స్థిర వెర్షన్లను నిర్వహించేవారు ఆ గుర్తు పట్టుకునే దాన్ని వెనక్కి తీసుకెళ్తారు.

డ్రైవర్ చేరిన రోజుతో రాసినవారి పని ముగియదు, సగం పని అప్పుడే మొదలవుతుంది. కొంత చిప్ వైపు నుంచి వస్తుంది. అదే కుటుంబంలో కొత్త చిప్‌లు వస్తాయి, ఒకదానిలో రెండు రిజిస్టర్లు అటూఇటూ అవుతాయి. ఏఎక్స్‌పీ కుటుంబానికంతటికీ ఒకే డ్రైవర్ ఫైలు ఉండటం వల్ల, కొత్త చిప్ చేర్చే ప్రతి మార్పూ పాత బోర్డులకు తగలకుండా చూడాలి. ఆ పాత బోర్డులు రాసేవారి దగ్గర ఉండవు. మరికొంత కెర్నెల్ వైపు నుంచి వస్తుంది. పిన్నులను సంఖ్యలతో కాక డిస్క్రిప్టర్లతో సూచించాలని నిర్ణయమయ్యాక, అనేక డ్రైవర్లు విడుదల తర్వాత విడుదలగా మారాయి. 2023లో బూట్ వేగం కోసం రెగ్యులేటర్ డ్రైవర్లన్నిటినీ సమాంతరంగా లేచేలా మార్చినప్పుడు ఒక తెలివైన పని చేశారు. డ్రైవర్లను ఏ కెర్నెల్ వెర్షన్ కాలంలో పుట్టాయన్న దాన్నిబట్టి గుంపులు కట్టి, గుంపుకో ప్యాచ్ చొప్పున పంపారు. ఎక్కడైనా బెడిసికొడితే ఆ గుంపునే వెనక్కి తీసుకోవచ్చు, పాత కెర్నెల్‌లకు తీసుకెళ్లేవారికీ తేలిక.

తిరస్కరించే పని కూడా నిర్వహణలో భాగమే. యూజర్ ప్రోగ్రాముల నుంచి వోల్టేజ్ మార్చే వీలు కావాలన్న కోరిక మళ్లీ మళ్లీ వస్తుంది, ఓవర్‌క్లాకింగ్ ప్రియులకు మరీను. కెర్నెల్ సమాచారాన్ని ఫైళ్లుగా చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లో విలువలను చదవనిస్తారు, రాయనివ్వరు. డ్రైవర్‌ను పరీక్షించేవారి కోసం ఒక ఉత్తుత్తి వినియోగదారు డ్రైవర్ ఉంది, అది ప్రయోగశాల సాధనం. దేనికి ఎవరు ఎంత అడిగారో, ఎవరు ఆన్ చేసి ఉంచారో చూపే పట్టిక డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో దొరుకుతుంది. బోర్డు బాగుచేసేవారు ముందు తెరిచేది దాన్నే.

అపాయ సూచనల వైపు పురోగతి ఆలస్యంగా వచ్చింది. వోల్టేజ్ పడిపోవడం, కరెంటు హద్దు దాటడం, వేడెక్కడం వంటి సంఘటనలను ప్రకటించే వసతి మొదట్నుంచీ ఉన్నా, ఏది కేవలం హెచ్చరిక, ఏది వెంటనే ఆపాల్సిన ప్రమాదం అన్న తేడా లేదు. 2021లో వచ్చిన 5.14 వెర్షన్‌తో బోర్డు వివరణలోనే ఆ గీతలు గీసే పద్ధతి వచ్చింది. చిప్ స్వయంగా మూతపడే గీత ఒకటి, కెర్నెల్ స్పందించాల్సిన గీత ఒకటి, ముందస్తుగా చెప్పే గీత ఇంకొకటి.

2025లో రెగ్యులేటర్లను వాడుకునే డ్రైవర్లను రస్ట్ భాషలో రాయడానికి తొలి ఇంటర్‌ఫేస్ కెర్నెల్‌లో చేరింది. అందులో ఆన్ అయి ఉన్న రెగ్యులేటర్, ఆఫ్ అయి ఉన్న రెగ్యులేటర్ రెండు వేర్వేరు రకాలు. వదిలేయడం మరచిపోతే భాషే వదిలేస్తుంది. ఒకసారి ఆన్ చేసి రెండుసార్లు ఆపే కోడ్ కంపైలర్ దగ్గరే ఆగిపోతుంది. వెనుక పనిచేసేది మాత్రం అదే సి కోడ్, అవే హద్దులు. రెగ్యులేటర్ చిప్‌లను నడిపే డ్రైవర్లనే రస్ట్‌లో రాసే పని ఆ తొలి ఇంటర్‌ఫేస్‌లో లేదు.